ఎవరు లెక్కపెట్టారు? మూసీ వరద మీద మా ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 14, శనివారం

బీఏ చివరి సంవత్సరంలో ప్రాజెక్టు ఉంటుందని సీనియర్లు ముందే చెప్పారు. ఎలా చేయాలో కూడా వాళ్లే చెప్పారు. రెండు పుస్తకాలు తెచ్చుకో, నెట్‌లో నాలుగు పేజీలు చూడు, డీటీపీ షాపులో ఇచ్చి స్పైరల్ బైండింగ్ చేయించు. సంతకం పడుతుంది, మార్కులు పడతాయి.

మా బ్యాచ్‌కి ఆ అదృష్టం లేదు. హిస్టరీ మేడమ్ ప్రతి శనివారం రెండు గంటలు సెమినార్ అన్నారు. సెమినార్ అంటే బ్యానరు, మైకు, ముఖ్య అతిథికి శాలువా అనుకుంటూ వెళ్లాం. వెళ్లి చూస్తే బెంచీలు గుండ్రంగా జరిపి ఉన్నాయి. పదకొండు మందిమి కూర్చుని, ఒకరు రాసింది ఇంకొకరు పైకి చదివి, అర్థం కాని చోట ఆపి అడగాలట. పైగా ఈ డైరీ ఒకటి. "ఏం చేశారో రాయండి. ఏం నేర్చుకున్నారో రాయకండి, అది ఎలాగూ నాకు తెలిసిపోతుంది" అన్నారు మేడమ్.

మా గ్రూపులో ముగ్గురం. మా క్లాసులో పేర్లు పెట్టి పిలుచుకోవడం తక్కువ, ఎక్కడ బస్సెక్కితే అదే పేరు. కాబట్టి ఒకడు ఉప్పల్, ఒకామె దారుల్‌షిఫా, నేను శంకర్‌పల్లి.

మేం ఇచ్చిన టైటిల్: "1908 మూసీ వరదలు: కారణాలు, ఫలితాలు". మేడమ్ చూసి, "ఇది పది మార్కుల ప్రశ్న. జవాబు మీకు వచ్చే ఉంటుంది. వచ్చినదానికి నాలుగు నెలలు ఎందుకు?" అన్నారు. ఉప్పల్ మొహం మాడిపోయింది. వాడు టైటిల్ పేజీ అప్పటికే కలర్‌లో ప్రింటు తీసుకొచ్చాడు.

జనవరి 4, శనివారం

హోంవర్కు చిన్నదే. వరద గురించి మాకు తెలిసిందంతా ఒక పేజీలో రాయాలి. పేజీ మధ్యలో గీత కొట్టి, ప్రతి వాక్యానికీ ఎదురుగా "ఇది నాకెలా తెలుసు" అని రాయాలి.

ఎడమ పక్క బాగానే నిండింది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలన. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి, 1578 నాటి పురానాపూల్ మాత్రం నిలబడింది. 15 వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. తర్వాతి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన చెప్పిన ప్రకారం 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ జలాశయాలు తయారయ్యాయి.

కుడి పక్క చూసుకుంటే మాకే సిగ్గేసింది. "యూట్యూబ్", "టెన్త్‌లో సార్ చెప్పారు", "పేపర్లో వచ్చింది". 15 వేలకు ఎదురుగా ఉప్పల్ "అందరికీ తెలుసు" అని రాశాడు. మేడమ్ దాని కింద ఎర్ర పెన్నుతో ఒకటే ప్రశ్న రాశారు: "ఎవరు లెక్కపెట్టారు?"

టైటిల్ అదే పెట్టేద్దామని దారుల్‌షిఫా అంది. మేడమ్ ఒప్పుకున్నారు. వరద చరిత్ర అంతా మేం రాయం. దాని గురించి అందరూ చెప్పే అంకెలు మూడు నాలుగు తీసుకుని, ఒక్కొక్కటీ ఎంత వెనక్కి వెళ్తే ఎక్కడ ఆగుతుందో చూస్తాం. నాకు మనసులో కొంచెం దిగులుగానే ఉంది. ఇంత చిన్న ప్రశ్నకు నలభై పేజీలు ఎలా నిండుతాయి?

జనవరి 18, శనివారం

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి ఫీల్డ్ వర్క్. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉన్నచోటే ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి. దాని లోపల, నది వైపు ఉన్న చింతచెట్టు దగ్గరికి వెళ్లాం. ఏటా సెప్టెంబరు 28న నగర చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లు దీని కింద కలిసి, చనిపోయినవాళ్లను తలుచుకుంటారు. మిగతా రోజుల్లో చుట్టూ ఆసుపత్రి హడావిడే. పేషెంట్ల తాలూకు వాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పుకునే నీడ.

ఉప్పల్ చెట్టు చుట్టూ తిరిగి, 150 మంది దీని మీద పడతారా పట్టరా అని లెక్కలు మొదలుపెట్టాడు. కొమ్మకు పది మంది చొప్పున, పిల్లలు ఎంతమంది అయితే అని. గంట పోయింది. సాయంత్రం మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ నవ్వారు. "చెట్టు ఇప్పుడున్నంతే అప్పుడూ ఉందా? నూట పదహారేళ్లలో ఎంత పెరిగింది, ఎన్ని కొమ్మలు విరిగాయి? మీరు కొలుస్తున్నది వేరే చెట్టు."

నిజమే. చీకట్లో, వానలో, కొమ్మ పట్టుకుని వేలాడుతున్న మనిషి పక్కవాళ్లను లెక్కపెడతాడా? కింద నిలబడి లెక్కపెట్టేందుకు నేల కనిపిస్తే కదా. నీళ్లు తీశాక దిగినవాళ్లను ఎవరైనా లెక్కించి ఉండొచ్చు. లేదా "బోలెడు మంది" అన్న మాట నోటినోటా తిరిగి, ఒకచోట 150 దగ్గర స్థిరపడి ఉండొచ్చు. ఆ అంకెను వెనక్కి తరుముకుంటూ వెళ్తే మాకు దొరికినవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. నోట్‌బుక్‌లో "చెట్టు: ఆధారం జ్ఞాపకం" అని రాసుకున్నాం. జ్ఞాపకాన్ని అబద్ధం అనకూడదని మేడమ్ రెండుసార్లు చెప్పారు.

ఫిబ్రవరి 1, శనివారం

ఈ రెండు వారాలూ ఉప్పల్‌వే. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయాలు తమ పాత పత్రికల్ని స్కాన్ చేసి అందరికీ ఉచితంగా పెట్టాయి. పేపర్స్ పాస్ట్ ఒకటి, ట్రోవ్ ఒకటి. మన ఊరి వరద గురించి చదవడానికి అంత దూరం పోవాలా అని నవ్వుకున్నాం గానీ, రూపాయి ఖర్చు లేకుండా ఇంట్లో కూర్చుని వెతకగలిగినవి మాకు అవే కనిపించాయి.

మొదటి రోజు వందల కొద్దీ ఫలితాలు వచ్చాయి. ఉప్పల్ ఉబ్బితబ్బిబ్బై అన్నీ సేవ్ చేశాడు. తీరా చదివితే సగం సింధ్‌లో ఉన్న హైదరాబాదువి. అప్పుడు మనది హైదరాబాద్ దక్కన్, అది హైదరాబాద్ సింద్. అది సరిచేసుకునేసరికి స్పెల్లింగుల గొడవ. నగరం పేరు రెండు మూడు రకాలుగా రాశారు. నది పేరు ఒకచోట మూసీ, ఒకచోట మూసా. మేం ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే పాతవి సగం దొరకవు. చివరికి ఊరి పేరూ నది పేరూ వదిలేసి, "నిజాం", "వరద" అని వెతికి, 1908 సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు దాకా తేదీలు కట్టడి చేశాం. అప్పుడు పని జరిగింది.

దొరికినవి రెండు మూడు లైన్ల కేబుల్ (తంతి) వార్తల ముక్కలు. ఇక్కడ మనకు కొంప మునిగింది, అక్కడి పేపర్లో అది ఉన్ని ధరల పక్కన మూలకు పడి ఉంది. అంకెలు ఒకదానికొకటి పొసగవు. తంతి పంపినవాడు నది ఒడ్డున నిలబడి శవాలు లెక్కపెట్టాడా? ఎవరో అంటే విని పంపి ఉంటాడు. ఇవాళ్టి వ్యాసాల్లో కూడా ఎక్కువగా 15 వేలు, కొన్నిచోట్ల 50 వేలు కనిపిస్తాయి. రెండూ గుండ్రటి అంకెలే.

ఫిబ్రవరి 8, శనివారం

ఒక ఆఫీసులో పాత రికార్డులు ఉన్నాయంటే వెళ్లాం. కాలేజీ లెటర్ మీద రౌండ్ స్టాంపు లేదన్నారు. రేపు రమ్మన్నారు. రేపు ఆదివారం. ఇంతకన్నా రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 22, శనివారం

ఈ వారం నాది. విశ్వేశ్వరయ్య వరద మీద ఇచ్చిన లెక్కల్లో ఒకటి నన్ను పట్టుకుంది. మూసీ పరివాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయి, అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 తెగాయి. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. మనుషుల లెక్క గుండ్రంగా ఉంది, చెరువుల లెక్క చూడండి, 221! ఇది ఎవరో కూర్చుని లెక్కపెట్టిన అంకె అని చూడగానే తెలుస్తుంది. చెరువు అంటే శిస్తు. చెరువుకు రికార్డు ఉంటుంది, పేరు ఉంటుంది, కింద ఆయకట్టు ఉంటుంది. నది ఒడ్డు గుడిసెలో ఉండేవాళ్ల పేర్లు ఏ రికార్డులో ఉంటాయి?

ఇది సెమినార్‌లో చెప్తే మేడమ్ ఏమీ అనలేదు, రాసుకున్నారు. ఆవిడ రాసుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆదివారం ఊరికి పోయినప్పుడు తాతను అడిగాను, ఇన్ని చెరువులు ఒకేసారి ఎందుకు తెగుతాయని. తాతకు 1908 తెలియదు, ఆయన పుట్టింది చాలా తర్వాత. కానీ చెరువు తెలుసు. కట్ట మీద కూర్చోబెట్టి చెప్పాడు. (మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే అలుగు.) "మత్తడి దుంకితే భయం లేదు బిడ్డా, మత్తడి ఉన్నదే అందుకు. కట్ట మీదికెల్లి నీళ్లు పోయినయనుకో, ఇగ అయిపోయినట్టే. మట్టి కట్ట ఎంతసేపు ఆగుతది? మీది చెరువు తెగితే ఆ నీళ్లు యాడికి పోతయ్? కింది చెరువులకే. కింది దాన్ని దాని వానకు సరిపోయేటట్టు కట్టిండ్రు. దానిది, మీది దానిది కలిపి ఒక్కపారి వస్తే అది గూడ పోతది. గట్ల ఒకదాని ఎంబడి ఒకటి."

గొలుసుకట్టు చెరువులు అని పుస్తకంలో చదివినప్పుడు గొలుసు అనేది ఉపమానం అనుకున్నాను. ఆ రాత్రి నగరానికి చేరింది వాన నీళ్లు ఒక్కటే కాదు, మూసీ పుట్టే అనంతగిరి నుంచి ఇటు వరకు కట్టలు తెంచుకున్న చెరువులు కూడా.

(పక్క మాట. మా వైపు "విశ్వేశ్వరయ్య" అంటే ఎవరికీ వరద గుర్తురాదు. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, గుర్తొస్తుంది, గండిపేట అంటే ఆ రెండు జలాశయాల చుట్టూ కట్టడాలను కట్టడి చేసిన 1996 నాటి జీవో 111, ఆ జీవో కిందికి వచ్చిన 84 ఊళ్లు, ఆ ఊళ్లలో భూమి రేట్లు. కట్ట దిగేలోపు తాత కూడా మాట అటే తిప్పాడు.)

మార్చి 8, శనివారం

మేడమ్ దగ్గర సహాయ పనుల గురించిన ఒక పాత ఉర్దూ కాగితం జిరాక్సు ఉంది. అచ్చు కాగితమే. జనవరిలోనే మాకిచ్చారు. పైన తేదీ దగ్గర "ఆబాన్ 1317 ఫసలీ" అని ఉందని దారుల్‌షిఫా చదివి చెప్పింది. ఫసలీ అంటే నిజాం సర్కారు కాగితాల్లో వాడిన సంవత్సరాల లెక్క. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని ఎక్కడో చదివి, కలిపితే 1907 వచ్చింది. వరదకు ముందు ఏడాదిది, మనకెందుకు అని ఫైల్లో అడుగున పడేశాం. రెండు నెలలు అక్కడే ఉంది.

ఈ వారం రంజాన్ మొదలైంది. దారుల్‌షిఫా వాళ్లింటికి ఇఫ్తార్‌కి పిలిస్తే వెళ్లాం. వాళ్ల నానా (అమ్మ వాళ్ల నాన్న) నిజాం కాలం నాటి ఇంటి కాగితాలు చూసి చూసి ఆరితేరినవారు. జిరాక్సు చూపిస్తే ఒక్క నిమిషంలో తేల్చేశారు. ఫసలీ సంవత్సరం జనవరిలో మొదలవదు, ఆజర్ నెలతో, అంటే అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. డిసెంబరు దాకా అయితే 590 కలపాలి, జనవరి నుంచి అయితే 591. ఆబాన్ ఏడాదిలో ఆఖరి నెల. అంటే 1317 ఆబాన్ అనేది 1908 సెప్టెంబరు, అక్టోబరు మొదటి రోజులు. సరిగ్గా వరద నెల! ఒక్క ఒకటి తేడాతో మా దగ్గరున్న అసలు కాగితాన్ని మేమే ఫైలు అడుగున తొక్కిపెట్టాం. ఉప్పల్ తల పట్టుకున్నాడు. దారుల్‌షిఫా మాత్రం హాయిగా నవ్వింది. అచ్చు ఉర్దూ తను గడగడా చదువుతుంది, చేతిరాత షికస్తా అయితే తనకూ రాదు, నానాకే. మూడు నెలల నుంచి తన పక్కనే కూర్చుని ఇంగ్లిషులో, తెలుగులో ఏం దొరుకుతుందా అని వెతుకుతున్నాం మేం. 1880ల నుంచి ఈ రాజ్యం ఆఫీసు భాష ఉర్దూ అని పరీక్షలో రాశాం కూడా.

ఖర్జూరాలు, మిర్చీ బజ్జీలు అయ్యాక నానా ఇంకో సంగతి చెప్పారు. అప్పుడు కూడా ఇలాగే రంజాన్ నెల అప్పుడే మొదలైంది. రుబాయీలకు (నాలుగు పాదాల పద్యాలకు) పేరుపడ్డ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని తను ఒక్కడే మిగిలాడు. నానా ఆయన రుబాయీ ఒకటి చదివి, అర్థం చెప్పబోయి ఆగిపోయారు. మేం అడగలేదు.

బస్సులో వస్తూ ఉప్పల్ అన్నాడు: "మన ప్రాజెక్టు మొత్తంలో ఎవరు లెక్కపెట్టారో గ్యారంటీగా తెలిసింది ఆ ముగ్గురినే." నానా మాట తర్వాత పుస్తకంలో సరిచూసుకున్నాం. ఈ వాక్యాన్ని ప్రాజెక్టులో పెట్టుకుంటామంటే వాడు మొహమాటపడ్డాడు, తర్వాత సరే అన్నాడు.

మార్చి 15, శనివారం

రంజాన్ మాట రాగానే తేదీల పిచ్చి పట్టుకుంది. ఒక వ్యాసంలో "1908 సెప్టెంబరు 28, మంగళవారం" అని ఉంది. మా మొదటి పేజీలో మేమూ అలాగే రాశాం. ఊరికే సరిచూద్దామని ఉప్పల్ ఫోన్‌లో క్యాలెండర్ వెనక్కి జరిపాడు. సోమవారం వచ్చింది. ఫోన్ తప్పేమో అని నేను కాగితం మీద చేశాను. 2008 సెప్టెంబరు 28 ఆదివారం. వందేళ్లంటే 36,525 రోజులు, ఏడుతో భాగిస్తే ఆరు మిగిలింది. ఆదివారం నుంచి ఆరు రోజులు వెనక్కి. సోమవారమే.

మంగళవారం ఎలా వచ్చింది? దారుల్‌షిఫా ఒక దారి చూపించింది. హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. సోమవారం రాత్రి అని మనం అనేది అక్కడ మంగళవారం కిందికే వస్తుంది. పాత ఉర్దూ రాతలోని వారాన్ని ఇంగ్లిషు తేదీ పక్కన అతికిస్తే ఇలా జరగొచ్చు. జరిగిందని మేం అనలేం. "జరగొచ్చు" అని రాసి, ఫుట్‌నోట్‌లో పెట్టాం. మా తొలి ఫుట్‌నోట్.

మార్చి 22, శనివారం

జనాభా లెక్కలతో 15 వేలను తేల్చేద్దామనుకున్నాం. 1901లో నగర జనాభా 4,48,466. 1911లో 5,00,623. పెరిగింది! అంటే అంతమంది చనిపోయి ఉండరని ఉప్పల్ తేల్చేశాడు, ఒక పేజీ కూడా రాసేశాడు. సెమినార్‌లో వేరే గ్రూపు అమ్మాయి ఆ పేజీ చదివి, "మధ్యలో బయటి నుంచి వచ్చినవాళ్లో?" అంది. అంతే, పేజీ పోయింది. పదేళ్లకోసారి తీసే ఫోటోలో ఒక రాత్రి కనపడదు.

ఆ లెక్క పూర్తిగా వృథా కాలేదు. 1901 జనాభాతో చూస్తే 15 వేలు అంటే ముప్పై మందిలో ఒకరు. 50 వేలు అంటే తొమ్మిది మందిలో ఒకరు. అంకె చెప్పేవాళ్లు దాని అర్థం కూడా చూసుకుని చెప్పాలి కదా. ఇది ఉంచాం.

మార్చి 29, శనివారం

రేపు ఉగాది, ఇవాళ డ్రాఫ్టు. ముప్పై రెండు పేజీలు వచ్చాయి, నా భయం దండగ. మేడమ్ తిరిగిచ్చేటప్పటికి ఎర్ర సున్నాలతో నిండిపోయి ఉన్నాయి. అన్నీ ఒకే మాట చుట్టూ: "అని తెలుస్తోంది". పద్నాలుగు సార్లు వాడాం. "ఎవరికి తెలుస్తోంది? ఎక్కడ తెలుస్తోంది?" తర్వాత "చెప్పబడుతోంది" ఆరు సార్లు, "చరిత్రకారుల అభిప్రాయం" నాలుగు సార్లు. ఏ చరిత్రకారులని అడిగితే మా దగ్గర జవాబు లేదు. గైడ్లలో, పేపర్లలో అలాగే ఉంటుంది, చేతికి అలవాటైపోయింది. ఈ మాటల వెనక దాక్కోవడం ఎంత తేలికో వాటిని తీసేసి రాయమన్నప్పుడు అర్థమైంది. కర్త లేకుండా వాక్యం ముగించడానికి మన భాషలో ఎన్ని దారులున్నాయో!

నేను రాసిన "జలప్రళయం", "కన్నీటి గాథ", "మూసీ విలయతాండవం" మూడూ కొట్టేశారు. "నానా ఆగిపోయారు అని రాశావు చూడు, అది చాలు" అన్నారు. కొంచెం కోపం వచ్చింది. ఇంటికెళ్లి చదువుకుంటే ఆవిడ చెప్పిందే సరి అనిపించింది, విలయతాండవం మీద మాత్రం ఇంకా కొంచెం ప్రేమ ఉంది.

ఏప్రిల్ 5, శనివారం

వారం రోజులు తిరగరాశాం. ప్రతి అంకె దగ్గరా మూడింట్లో ఒకటి ఉండాలని పెట్టుకున్నాం: ఫలానా చోట ఫలానావారు అన్నారు, మేం లెక్కగట్టాం, మూలం మాకు దొరకలేదు. మూడోది రాయడానికి మొదట్లో నామోషీగా ఉండేది. ఆఖర్లో మాకు అదే అన్నిటికన్నా నమ్మకంగా అనిపించింది.

ఏప్రిల్ 12, శనివారం

వైవా. బయటి నుంచి వచ్చిన సార్ మెత్తగా మాట్లాడారు. ఫసలీ లెక్క బాగుందన్నారు, చెరువుల అధ్యాయం దగ్గర తాత చెప్పింది పైకి చదివించారు. దారుల్‌షిఫాను ఉర్దూ కాగితం గురించి పది నిమిషాలు అడిగారు, తను తడుముకోకుండా చెప్పింది. అయిపోయిందనుకుని కుర్చీలు జరుపుతుంటే సార్ మొదటి పేజీకి వెళ్లారు. అది సారాంశం. రాత్రి పన్నెండింటికి, డీటీపీ అన్న షాపు మూసేస్తున్నా అంటుంటే, నేను గబగబా రాసిచ్చిన పేరా.

"15 వేల మందిని బలిగొన్న 1908 మూసీ వరద..." అని చదివి, కళ్లద్దాలు తీసి, "ఎవరు లెక్కపెట్టారమ్మా?" అన్నారు.

మేడమ్ కిటికీ వైపు తిరిగారు. నవ్వాపుకోవడానికే అని ఇప్పటికీ నా నమ్మకం.

అక్కడికక్కడే మూడు కాపీల్లో పెన్నుతో కొట్టేసి, "15 వేల మంది అని ఎక్కువగా చెప్పే" అని పైన రాశాను. నాలుగో కాపీ పొద్దున్నే లైబ్రరీకి ఇచ్చేశారట, స్టాంపు కూడా పడింది. సోమవారం వెళ్లి అడగాలి, మొదటి పేజీ దిద్దనిస్తారేమో.